ఎడమ దిక్కు స్టిక్కర్

హలో… ఆఁ బావా, నేనే. ఇంటున్న, చెప్పు.

…

లే, దీపోళ్ల ఇంట్ల లేను. నువ్వు గేటు ముంగట నిలవడి హారన్ కొట్టకు, చంటిపిల్ల ఇప్పుడిప్పుడే పండింది.

…

బస్టాండ్ల ఉన్న. — కోరుట్ల బస్టాండ్లనే, ఇంకేడుంట?

…

ఏం గాలే. పాణం మంచిగనే ఉన్నది. తిన్న గూడ. తొట్లె మంచిగనే అయ్యింది, సుట్టాలందరు అచ్చిన్రు. రాజమౌళి నీకు డబ్బల అన్నం గట్టిపిచ్చిండు, తీస్కపో. దోస్తు గదా, నువ్వంటె మస్తు ప్రేమ ఆయినకు. ఎందుకో ఇయ్యాలనే తెల్సింది.

…

ఏం లే. ఊకెనే అన్న.

అద్దు, ఇటు రాకు. … రాకు అంటున్న బావా. నేను సిరిసిల్ల బస్సు కోసం కూసున్న.

…

అమ్మోళ్లింటికే. — ఎవ్వలకు ఏం గాలే, గట్ల గాబరా పడకు. అమ్మ మంచిగనే ఉన్నది. నాయిన మంచిగనే ఉన్నడు, బట్ట నేసే సాంచాల కాడ ఉంటడు ఈ యాల్లకు. నాకే పోబుద్ధయ్యింది, పోతున్న.

…

రేపు ఐతారమని, బడి లేదని నాకెర్కనే. బండి మీద వీర్నపల్లి గుట్టల దిక్కు పోదామనుకున్నం, గదీ ఎర్కనే. టమాట తొక్కు నూరి ఫ్రిజ్ల పెట్టిన. నువ్వు తిను.

…

కోపమా? … ఏమో. ఇంకా కోపం దాక పోలే నేను.

బావా, ఒకటడుగుత. అబద్ధం ఆడకుండ చెప్తవా?

…

పొయిన ఎండకాలం ఒక ఐతారం నువ్వు కరీంనగర్ పోయినవు. విత్తనాల కంపెనోళ్ల మీటింగ్ అన్నవు. నేను అంగి ఇస్త్రీ చేసిచ్చిన. యాదికున్నదా?

… ఆఁ, గా రోజే. గా రోజు యాడికి పోయినవు?

… కరీంనగరేనా?

… జర సోంచాయించి చెప్పు. నేను బతిమాలుతున్న. ఇంకోపారి అడుగుతున్న.

…

మంచిది. కరీంనగరే.

మరి దీప నాకెందుకు దండం పెట్టింది?

…

దీపనే. రాజమౌళి పెండ్లాం దీపనే. పిల్లను తొట్లెల ఏసినంక అందరు తినవోయిన్రు. నన్ను లోపటి రూమ్లకు తీస్కపోయి, నా రెండు చేతులు పట్టుకోని బోరున ఏడ్సింది. "అక్కా, ఆ రోజు మీ హెల్మెట్ లేకుంటె నా బిడ్డకు నాయిన లేకపోవు" అన్నది.

…

హలో? … ఉన్నవా?

ఆఁ. లైను పోయిందేమో అనుకున్న.

…

ఆమెను ఏమనకు. ఆమె తప్పేమున్నది? కాన్పైనంక రాజమౌళి చెప్పిండట ఆమెకు. కడుపుతోని ఉన్నప్పుడు చెప్తె భయపడుతదని గన్ని నెలలు కడుపుల దాసుకున్నడట. నాకెప్పుడో తెల్సనుకున్నది పాపం. నేనేం జేసిన? నవ్విన. "గదేముందే, నీ పెనిమిటి నాకు తమ్ముడు కాడా" అన్న. నాకేం తెల్వదన్న సంగతి ఆమెకు తెల్వనియ్యలే. నీ ఇజ్జత్ పోవద్దని నవ్విన బావా. నవ్వి, బాత్రూమ్లకు పోయి గడె పెట్టుకున్న.

…

ఏంది, గాలి సప్పుడత్తున్నది? బండి మీదున్నవా? నడుపుకుంట మాట్లాడుతున్నవా?

ఆపు. పక్కకు ఆపు. … లారీలు తిరిగే రోడ్డది, బావా ఆపు!

ఇగో, ఉంగరంతోని ఫోను మీద కొడుతున్న, ఇను. టక్. టక్. … రెండు కొట్టిన.

…

ఆఁ. ఆగినవు.

… గట్లనే ఉండు. కాలు కింద పెట్టి, ఇంజన్ బందు చేసి మాట్లాడు.

సూసినవా? ఒకటి కొడితె మెల్లగ, రెండు కొడితె ఆపు. పెండ్లైన కొత్తల నువ్వే పెట్టినవు మనకు. హెల్మెట్లల్ల మాటలు ఇనవడయని. నా చెయ్యి నీ భుజం మీద రెండుమాట్లు పడ్డంక నువ్వు ఒక్కనాడు ముంగటికి పోలే. వాగులున్నా, దిగుడున్నా, ఎంత మంచి రోడ్డున్నా ఆపినవు. గందుకే నమ్మిన నిన్ను. నువ్వు బావవని కాదు, మొగనివని కాదు. రెండు కొడితె ఆపుతవని నమ్మిన.

…

చెప్పు, ఇంటున్న. నువ్వే చెప్పు.

…

… ఆఁ.

… ఊఁ.

రాజమౌళే అడిగిండా, గుట్టల దిక్కు పోదామని? … సరే. … నెత్తికేం లేకుండ అచ్చిండు, నాది ఇచ్చినవు. … బండి ఆయినే నడుపుత అన్నడు. … నువ్వు కిందనే నిలవడ్డవు. … గులక రాళ్ల మీద జారింది. … బండకు తగిలింది తలకాయ.

ఎడమ దిక్కు.

… అవు, ఎడమ దిక్కే. నేను సూసిన గదా.

సూడు బావా, ఇచ్చినందుకు నేనేమంటలే. మంచి పని చేసినవు. హెల్మెట్ లేకుండ మన బండి ఎవ్వలు ఎక్కద్దని మనమే అనుకున్నం. పాణం దక్కింది. ఐతారం మనిద్దరమే పోదాం, గా గుట్టలు మనయే అని చెప్పి, నాకు తెల్వకుండ దోస్తును తీస్కపోయినవు, గదీ ఇడిసిపెడుత. గా రోజు రాత్రి ఇంటికచ్చి "నీలా, గిట్లయింది" అని ఒక్క మాట అంటె, నేను నీకు ఇంత చాయ పెట్టిచ్చి, దేవునికి దండం పెట్టి, పగిలిన దాన్ని చెత్తల ఏద్దును. గంతే ఉండె ముచ్చట.

…

దీప కడుపుతోని ఉండె. దీపకు చెప్పద్దని రాజమౌళి ఒట్టేపిచ్చుకున్నడు. మంచిది. నేను దీపనా?

…

మరి?

…

లే, నన్ను చెప్పనీయి. స్టిక్కర్ ముచ్చట చెప్పనీయి.

నా పుట్టినరోజుకు నా హెల్మెట్ మీద అంటిచ్చి తెచ్చినవు. పసుపు పచ్చ అచ్చరాలు, "నీల" అని, పక్కకు నెమలీక. నంబర్ ప్లేట్లు రాసేటాయినతోని రాపిచ్చిన అన్నవు. నేను గెంతులేసిన బావా. గింత పెద్దది ఎందుకు, చెవి దాక అచ్చింది అంటె "దూరంకెల్లి కనవడాలె నా పెండ్లాం పేరు" అన్నవు. ఎడమ దిక్కే ఎందుకు, నడిమిట్ల పెట్టరాదా అంటె "గిదే ఫ్యాషన్" అన్నవు. మా స్కూల్ల టీచర్లందరికి సూపెట్టిన. మా ఆయిన చేపిచ్చిండని. ఆడోళ్లు కుళ్లుకున్నరు.

…

పీకిన. పొద్దున నువ్వు దింపినప్పటి సంది హెల్మెట్ నా తోనే ఉన్నది గదా, దీపోళ్ల బాత్రూమ్ల గీజర్ నీళ్లు పోసుకుంట పీకిన. గోరు ఇరిగింది. గంత గట్టిగ అంటిచ్చినవు. నెమలీక కింద గీత ఉన్నది బావా. నా చిటికెన వేలంత పొడుగు. లోపటి గుడ్డ గూడ ఇప్పిన. తెల్లటి థర్మాకోల్ ఉంటది గదా. నువ్వే నేర్పినవు, దెబ్బను మింగేది గదే అని. రెండు పలుకలైంది. సందుల గోరు పోతున్నది.

…

ఇప్పుడు నా ఒళ్లనే ఉన్నది.

…

ఎవ్వలు సూత్తలేరు. సూసినా ఏమనుకుంటరు? బస్టాండ్ల హెల్మెట్ పట్టుకోని ఏడ్సెటిది ఎవ్వలో పిచ్చిది అనుకుంటరు.

… నేను ఏడుత్తలే. జలుబయింది.

…

నేను వీడియో గురించి అడుగుత. మన బండి తిరుగుళ్ల ఛానెల్ల పెట్టిన వీడియో. వాగు ఒడ్డుకు బండ మీద కూసుండి చేసిన గదా, దసరాకు ముందు. హెల్మెట్ చేతుల పట్టుకోని నేనేమన్న? చెప్పు.

… నువ్వు చెప్పు. నువ్వే గదా ఫోన్ పట్టుకోని తీసింది.

… సరే, నేనే చెప్త. "ఒక్కపారి దెబ్బ తగిలిన హెల్మెట్ మళ్ల పెట్టుకోకున్రి. అది పగిలిన గుడ్డు లెక్క, పైకి మంచిగనే ఉంటది, లోపట అయిపోతది." గిదే హెల్మెట్ మీద గిట్ల తట్టుకుంట చెప్పిన. ఎడమ దిక్కు తట్టిన బావా, నా పేరు మీద! నువ్వు ఎదురుంగ నిలవడి సూసినవు. "ఎండ మొకం మీద పడ్డది, ఇంకోపారి తీద్దాం" అన్నవు. నాతోని మళ్ల చెప్పిచ్చినవు. మళ్ల తట్టిన.

…

లే, నవ్వొత్తలేదు. ఏడుపూ రాదు. ఎట్లనో అయితున్నది.

మా ఏడో తరగతి పిల్ల ఒకతి అచ్చి "మేడం, మీ వీడియో సూసి మా నాయిన పాత హెల్మెట్ పారేసిండు" అన్నది. నీకు చెప్పిన గా రోజు, అన్నం తినుకుంట. "మంచిదే గదా" అన్నవు. ఎవ్వలో మొకం తెల్వనోళ్లు నా మాటిని పారేసిన్రు. నా మొగడు మాత్రం నాకు గదే పెట్టిండు.

…

కొందామనుకున్నవా? … ఇయ్యాల, రేపు అనుకుంట ఉండిపోయినవు. … గా రంగుది దొరకలేదు. … ఓహో. దసరాకు బండికి కొత్త లైట్లు ఏపిచ్చినప్పుడు షాపు ముంగట్నే నిలవడ్డం గదా మనం. ఏలాడుతుండె వరసగ. నల్లయి, ఎర్రయి. నేను "బావా, ఇగో గిది మంచిగున్నది" అని ఒకటి చేత్తోని పట్టుకున్న గూడ. "నీకెందుకే, నీది నీ పేరుతోని ఉన్నది గదా" అన్నవు.

…

అన్నవు. నాకు మంచిగ యాదికున్నది. నేను మురిసిన గా మాటకు.

…

ఎట్ల చెప్పాల్నో తెల్వక? … బావా, నన్ను ఎన్ని దినాల సంది ఎరుగుదువు నువ్వు? లంగలు తొడుక్కునేటప్పటి సంది. నేనేమన్న కొడుదునా? తిడుదును. ఒక పూట తిడుదును. తిట్లకు భయపడి నా తలకాయ పణం పెట్టినవా?

…

గట్లనకు. "ఏం గాలేదు గదా" అనకు. గా మాట మాత్రం అనకు.

అయ్యింది గదా. వానకాలం పడ్డం గదా మనం, వీర్నపల్లి అవతల వాగు కాడ. నాచు రాళ్ల మీద ఎనుక టైరు జారింది. పెద్ద దెబ్బ కాదు, బురదల పడ్డం. నువ్వు ఒక్క గుంజుడు గుంజి లేపినవు నన్ను. నా తలకాయ రెండు చేతులతోని పట్టుకోని అటు తిప్పినవు, ఇటు తిప్పినవు. నీ కండ్లల్ల నీళ్లు. నీ మోకాలికెల్లి నెత్తురు కారుతున్నది, నీకు సోయి లేదు. మా అమ్మకు ఫోన్ల చెప్పిన, "అమ్మా, నీ మేనల్లుడు నా కోసం ఏడ్సిండే" అని. అమ్మ అందరికి చెప్పుకున్నది.

నువ్వు నా మొకం సూడలే గా రోజు. ఎడమ దిక్కే సూసినవు. స్టిక్కర్ లేసిందా అని సూసినవు.

…

… రెండూనా? భయమూ, ప్రేమ గూడనా?

… ఏమో. ఉండచ్చు. నీ కండ్లనీళ్లు అబద్ధమని నేననలే.

మరి గా రోజన్న చెప్పద్దా? పడ్డంక, బురద కడుక్కున్నంక, గా హోటల్ల చాయ తాక్కుంట గంటసేపు కూసున్నం. గప్పుడన్న చెప్పద్దా? మళ్ల ఐతారం గదే తెచ్చినవు. నీ చేతులతోనే నా నెత్తికి పెట్టినవు, గదువ కింద పట్టి బిగిచ్చినవు, వదులున్నదా అని వేలు పెట్టి సూసినవు. "పదవే, నీల మేడం" అన్నవు. ఎట్ల అన్నవు బావా? నోరెట్ల అచ్చింది?

…

ఆగు. ఇయన్ని పక్కకు పెట్టు. కరీంనగర్ అబద్ధం, స్టిక్కర్, వీడియో, అన్ని ఇడిసిపెట్టు. నేను బాత్రూమ్ల కూసుండి ఒకటే అనుకున్న. గదొక్కటి చెప్పు నాకు.

మనింట్ల రెండు హెల్మెట్లు ఒక్క మేకుకే ఏలాడుతయి. ఒకటే కంపెని. ఒకటే సైజు. నీది నాకు పడుతది, నాది నీకు పడుతది. కొన్నప్పుడు మార్చి మార్చి పెట్టుకోని నవ్వుకున్నం. ఏది పగిలిందో నీకెర్కనే. నాకు తెల్వది.

ఒక్క ఐతారమన్న మార్చినవా?

…

ఒక్కటి. ఒక్క ఐతారం. "నీలా, ఇయ్యాల నాది నువ్వు పెట్టుకో" అని.

…

…

చెప్పు బావా. అబద్ధమన్న చెప్పు.

…

మార్చలే.

పేరు రాపిచ్చినవు దాని మీద. పేరు రాపిచ్చినంక అది నాదే అయితది, ఇగ మారే పనే లేదు. పొద్దున చీకట్ల నిద్రమొకంతోని తీసుకున్నా తప్పు పోదు. పగిలింది నా నెత్తికే అత్తది. మంచిది నీ నెత్తికి పోతది.

…

గట్ల అనుకోలేదా నువ్వు? … కావాలని చెయ్యలేదు. … అవు, నమ్ముత. కావాలని చేసేటంత చెడ్డోనివి కావు నువ్వు. గదే నాకు ఇంక భయమయితున్నది. అనుకోకుండనే మంచిది నువ్వు తీసుకున్నవు. ప్రతి ఐతారం.

…

ఏడ్వకు రోడ్డు మీద. ఎవ్వలన్న సూత్తరు. … నీళ్లు తాగు. బ్యాగుల సీసా ఉన్నది, ఎడమ జేబుల.

…

నీదిత్తవా?

… నాకు నీది పెట్టి, నువ్వు ఉత్త నెత్తితోని నడుపుతవా జగిత్యాల మనింటి దాక?

వానకాలంల ఇయ్యవలసింది బావా.

…

ఒక్క నిమిషం. లైన్ల ఉండు. — అవ్వా… ఓ అవ్వా, గా జామకాయల కత్తి ఒక్కపారి ఇయ్యవా? … ఏం లే, గీ పట్టి కోత్త. … కోసి ఇత్తనే అవ్వా, ఈడనే, నీ ముంగట్నే. … అవు, హెల్మెట్దే.

… మంచిగున్నట్టు కనవడుతది అవ్వా. మంచిది కాదు.

… ఆఁ బావా, ఉన్న. పట్టి కోత్తున్న. … ఎందుకంటె? ఈడ ఉత్తగ ఇడిసిపెడితె ఎవ్వలో ఒగలు మంచిదే గదా అని తీస్కపోయి పెట్టుకుంటరు. ఇంటికి పోయి పెండ్లానికో పోరికో పెడుతరు. గా పాపం నాకద్దు.

… మందంగున్నది. … తెగుతలేదు. మంచి పట్టే, పట్టికేం గాలే. … ఆఁ. … తెగింది.

ఇగ ఎవ్వల నెత్తికి నిలవది.

— ఇగో అవ్వా, కత్తి. … ఏడుత్తలేనే, జలుబు. … ఇయ్యి, రెండు కాయలియ్యి. ఉప్పు కారం పెట్టకు.

…

ఏంది? … ఛానెల్ గురించి ఇప్పుడెందుకు? … ఏమన్న పెట్టుకో. వీడియో తీసేత్తవా, ఉంచుతవా, నీ ఇష్టం. నేను చెప్పింది మాత్రం నిజమే గదా. ఉండనీయి. పెట్టుకునేటోళ్లకు పనికత్తది.

…

అమ్మకా? ఏం చెప్తనో నాకే తెల్వది. నీ మేనత్త గదా, నీ దిక్కే మాట్లాడుతది. "వాడు చిన్నప్పటి సంది గంతే, భయపడితె చెప్పడు" అంటది. నాయిన ఏమనడు. సాంచాల సప్పుడుకు సగం ఇనవడది ఆయినకు. ఇనవడ్డ సగానికే నా మొకం సూత్తడు. గదే మస్తు నాకు.

…

బడికి సోమవారం సెలవు పెడుత.

…

అత్తనని చెప్తలే, రానని చెప్తలే. ఇంటి సంగతి వేరు. నువ్వడిగేది నాకెర్కనే. నీ ఎనుక మళ్ల కూసుంటనా అని అడుగుతున్నవు.

… గదే గదా?

… బావా, ఎనుక కూసున్నోళ్లకు రోడ్డు కనవడది. నీ ఈపే కనవడుతది. గా ఈపును సూసుకుంటనే గన్ని గుట్టలెక్కిన, గన్ని వాగులు దాటిన. కండ్లు మూసుకోని పండిన గూడ నీ ఈపు మీద. ఇగ ఇప్పుడు… గా ఈపు యాదికచ్చినా, దాని మీద నీ హెల్మెటే కనవడుతున్నది నాకు. మంచిగ, గీత లేకుండ.

…

బస్సచ్చింది. — ఇది సిరిసిల్ల పోతదా అన్నా? … వేములవాడ మీదికెల్లేనా? … ఆఁ, ఎక్కుతున్న. ఒక్కటే.

… కిటికి పక్కకు దొరికింది. జనం తక్కువే.

… లే, ఈడికి రాకు. … వేములవాడ కాడికీ రాకు. బస్సుకు అడ్డం నిలవడుడు అవన్ని మనకద్దు.

…

సప్పుడయితున్నది. సెల్ఫ్ కొట్టినవా?

బావా.

… బండి స్టార్ట్ చేసినవు. ఇనవడుతున్నది నాకు. ఎంబడి రాకు అంటున్న. … ఇంటలేవు. గేరేసినవు. బావా—

ఇగో. ఇను.

టక్.

టక్.

…

… ఆపినవు.

…

పొద్దు పోయినంక పో, ట్రాఫిక్ తగ్గినంక. మెల్లగ పో. పట్టి పెట్టుకో, వేలు పెట్టి సూసుకో వదులున్నదా అని. ఇగ నువ్వే సూసుకోవాలె.

…

ఫోను పెడుతున్న.